అడుగు అనకూడని ఇల్లు

ఆ ఇంట్లో ఒక మాట అనకూడదు. అదేం బూతు కాదు, అశుభం కాదు. పొద్దున లేచింది మొదలు తెలుగు మనిషి నోట అలవోకగా దొర్లిపోయే మాటే. ఆ ఒక్కటీ తప్ప నన్ను ఏమన్నా పడతాను అని హైమావతి ఇంటిల్లిపాదికీ దండం పెట్టి చెప్పింది. అందరూ సరేనన్నారు. అందరూ మర్చిపోతూనే ఉన్నారు.

ఆ రోజు మర్చిపోయింది తల్లి సూరమ్మ. విజయనగరంలో వాళ్ళది చిన్న ఇల్లు. వంటింట్లో ఒకరు తిరుగుతుంటే రెండోవాళ్ళు గోడకి ఒత్తిగిలి నిలబడాలి. హైమ అలాగే నిలబడి గ్లాసుల్లో మజ్జిగ పోస్తోంది. సూరమ్మ వంకాయ కూర మీద మూత తీసి, ముక్కు ఎగబీల్చి, "ఓలమ్మో, కూర అడుగంటిపోనాదే!" అంది.

హైమ మోకాళ్ళు నడుం దాకా లేచాయి. ఉన్నచోటే, ఎవరో తరుముతున్నట్టు, కాళ్ళు టపటపా ఆడాయి. మజ్జిగ గిన్నె గోడకి కొట్టుకుంది, గ్లాసులు తలో మూలకీ దొర్లాయి, పోపుల డబ్బా బోర్లా పడి ఆవాలు ఇల్లంతా పరుగులు తీశాయి. తర్వాత కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి, ఏమీ ఎరగనట్టు.

"అమ్మా!" అని అరిచింది హైమ.

"అయ్యో, నా నోరు పడిపోను. మాడిపోనాది అనాల కదా, మాడిపోనాది."

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏటే సేసేది? పుట్టిన కాడ్నించీ అలగే అన్నాను. నీ కాళ్ళ సంగతి నా నాలిక్కి తెలుస్తాదేటి?"

తిట్టాల్సింది అమ్మని కాదని హైమకి తెలుసు. తిట్టాల్సినవాళ్ళేమో విశాఖలో చల్లటి గదుల్లో కూర్చున్నారు. వంగి ఆవాలు ఏరుకుంటూ, ఒక్కో ఆవగింజకీ ఒక్కో తిట్టు చొప్పున వాళ్ళకి పంపించింది.

ఆ ఇంట్లో ఇప్పుడు గిన్నెకి అడుగు లేదు, 'కింద పక్క' ఉంది. ఎవరూ ఎవర్నీ ఏదీ అడగమని చెప్పరు, 'కనుక్కో' అంటారు. హైమ అన్నయ్య రామినాయుడు కరెంటు పనివాడు. తీగల కొలతలు చెప్పేటప్పుడు అడుగుల్ని గజాల్లోకి మార్చుకోలేక తంటాలు పడుతున్నాడు. హైమ వదిన సంతోషి అయితే ఈ గొడవంతా ఎందుకని చాలా మటుకు సైగలతో కానిచ్చేస్తోంది. ఇన్ని జాగ్రత్తల మధ్య ఇల్లు ఇల్లులా లేదు. పరీక్ష హాలులా ఉంది.

ఈ కథ చెప్పేవాళ్ళకి ఆ భయం లేదు కాబట్టి, ఆ మాట కాళ్ళలోకి ఎలా దూరిందో చెప్పుకోవచ్చు.

హైమ వందమీటర్ల పరుగు మనిషి. ఆమె గురువు సత్యంనాయుడు మాష్టారు. తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా ఉరుకుతున్న పిల్లని చూసి, చెయ్యి పట్టుకు తీసుకొచ్చి మైదానంలో నిలబెట్టింది ఆయనే. ఆ రుణం ఆమె మర్చిపోలేదు. ఆయనా మర్చిపోనివ్వడు.

"నీది బారెడు అడుగమ్మా," అనేవాడాయన. "ఒక్కో అడుక్కీ అవతలి పిల్ల కంటే జానెడు ముందుంటావు. కానీ జోరేదీ? అది మూడేసే లోపు నువ్వు రెండేస్తే ఆ జానెడూ ఏం చేసుకోను, అటక మీద పెట్టుకోనా?"

అడుగు పొడవునీ అడుగుల జోరునీ హెచ్చవేస్తే వచ్చేదే వేగం. రెంటిలో ఒకటి పెంచబోతే రెండోది తగ్గి కూర్చుంటుంది. హైమ జోరు పెంచినప్పుడల్లా అడుగు కురచైపోయేది. పొడవు సాగదీస్తే జోరు చచ్చేది. ఏళ్ళ తరబడి ఈ లాగులాటలో మాష్టారి గొంతు బొంగురుపోయింది గానీ ఆమె పరుగు మారలేదు.

అప్పుడు దొరికాడు డాక్టర్ ఉపేంద్ర. విశాఖలో గుట్ట మీద ఉన్న క్రీడా పరిశోధన కేంద్రంలో పనిచేసేవాడు. మనిషి మంచివాడే. ఎదటివాళ్ళు వింటున్నారా లేదా అని చూసుకోకుండా మాట్లాడటం ఒక్కటే లోపం. మొదటిరోజే హైమని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుం మీద వేలితో నొక్కాడు.

"ఇక్కడుంది మాష్టారూ తాళం. కాళ్ళకి లయ వేసేది మెదడు కాదు, వెన్నుపాములో ఇదిగో ఈ నరాల ముడి. దీన్ని సరైన క్షణంలో సన్నగా తట్టామనుకోండి, అడుగు పొడవు తగ్గకుండానే జోరు అందుకుంటుంది." అని వెడల్పాటి నల్లని పట్టీ ఒకటి చూపించాడు. దానికి నడికట్టు అని పేరు పెట్టానని మురిసిపోయాడు.

"మరి ఎప్పుడు తట్టాలో దీనికెలా తెలుస్తాది?" అన్నాడు మాష్టారు.

"మీరే చెప్తారు. ఒక మాట పెట్టుకుందాం. అది వినపడగానే తడుతుంది. గో అని పెడితే పక్క లైను కోచ్ అరిచినా పనిచేస్తుంది, అది వద్దు. మీరు మామూలుగా ఏమని అరుస్తారు?"

"అడుగు! అడుగు! అంటాను. నేను కోచింగు మొదలెట్టిన కాడ్నించీ అదే."

"బ్రహ్మాండం!" అని డాక్టర్ బల్ల చరిచాడు.

ఆ గదిలో ఉన్నవాళ్ళంతా తెలుగువాళ్ళే. అదే వింత. పొద్దున్నించీ స్ట్రైడ్, స్ట్రైడ్ అని ఇంగ్లీషులో చెప్పుకుని చెప్పుకుని, చివరికి ఒక తెలుగు మాట దొరికిందన్న సంబరంలో పడ్డారు. అడుగు అంటే నేల మీద వేసేదొకటే అని ఆ పూటకి అందరికీ అనిపించింది. గిన్నెకీ అడుగుంటుందనీ, తెలియనిది అడుగుతారనీ తట్టింది బల్ల మీద బోర్లా పడుకున్న ఒక్క హైమకే.

"సార్, ఆ మాట ఇంట్లో..." అని తలెత్తింది.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు డాక్టర్.

ఆ నిమిషం తర్వాత మళ్ళీ రాలేదు. ఎవరో కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టింది.

నడికట్టు పనిచేసింది, అందులో వంక పెట్టడానికి లేదు. మాష్టారు గట్టు మీంచి "అడుగు!" అనగానే నడుం దగ్గర చీమ కుట్టినట్టు అయ్యేది. కాళ్ళు తనవి కానంత తేలికగా ఆడేవి. మొదటిసారి గీత దాటి వెనక్కి తిరిగితే, తోటి పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. మాష్టారు గట్టు మీద చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. హైమకీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ సంతోషం అబద్ధం కాదు. తర్వాత ఎంత విసిగిపోయినా ఆ రోజు అబద్ధమని ఆమె ఎన్నడూ అనలేదు.

అనుకోనిది జరిగింది బస్సులో. సాధన అయ్యాక నడికట్టు విప్పి సంచీలో పెట్టుకుని విజయనగరం బస్సెక్కింది. కొత్తవలస దగ్గర జనం తోసుకుంటూ ఎక్కారు. "ఒక్కడుగు లోపలికెయ్యండమ్మా, ఒక్కడుగు!" అన్నాడు కండక్టరు. హైమ కాళ్ళు లేచిపోయాయి. పక్కనున్న పెద్దమనిషి పాదం పచ్చడయింది. ఆయన తిట్టిన తిట్లు విజయనగరం దాకా సాగాయి. హైమ సంచీలో చెయ్యి పెట్టి తడుముకుంది. నడికట్టు మడత పెట్టినది పెట్టినట్టే ఉంది, చల్లగా.

మర్నాడు ఈ సంగతి చెబితే డాక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ముడి మాట నేర్చుకుందమ్మా! ఇక నడికట్టుతో పనిలేదు! వెన్నుపాము మాట నేర్చుకోవడం! హైమా, ఇది నేను కలలో కూడా అనుకోలేదు!"

"నేనూ అనుకోలేదు సార్. తీసెయ్యండి."

"ఒక్క నిమిషం. ముందు పరీక్షిద్దాం." అని ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, "అడిగాను" అన్నాడు. కాళ్ళు కదల్లేదు. "అడగండి." కదల్లేదు. "అడగలేదు." కదల్లేదు. "అడుగుతున్నాను." బల్ల ఎగిరి పడింది. "అదీ! 'డు' పక్కన 'గ' పలకాలి. వెన్నుపాముకి వ్యాకరణం తెలీదు, చప్పుడే తెలుసు. మీరు అడగండి అంటే ముప్పు లేదు, నువ్వు అంటేనే!"

హైమకి ఒళ్ళు మండిపోయింది. ఈ లోకంలో తనని మీరు అనేవాడెవడు? చిన్నప్పట్నించీ అందరూ నువ్వు అనేవాళ్ళే. తనంతట తను ఆ మాట అన్నా ఇదే తంతు. అడుగుతా అంటే చాలు, కాళ్ళు ఎగురుతాయి. నిన్ను అడగలేదు అని మటుకు ఎవరు ఎన్నిసార్లు అన్నా ఈ కాళ్ళు కిమ్మనవు.

"మర్చిపోయేలా చెయ్యలేరా సార్?"

"చెయ్యొచ్చు. నడికట్టునే తిరగేసి తట్టాలి. కానీ మాటతోపాటు జోరూ పోతుందమ్మా. మళ్ళీ పాత హైమవే అవుతావు."

ఆ సంగతి చెవిన పడగానే మాష్టారు అడ్డం పడిపోయాడు. జాతీయ జట్టుకి ఎంపిక పోటీలు ముందున్నాయి. పోటీలో నడికట్టు కట్టుకోనివ్వరు, నిజమే. కానీ కోచ్ గట్టు మీంచి కేకేస్తే కాదనే రూలు ప్రపంచంలో ఎక్కడా లేదు.

"బంగారం దొరికితే మట్టిలో పారేస్తానంటావేటమ్మా? సెలక్షన్ అయిపోనీ, అప్పుడు చూద్దాం."

"ఇంట్లో ఉండలేకపోతున్నాను మాష్టారూ."

"ఇంట్లో ఉండడానికా నిన్ను ఇంతదాన్ని చేసేను?"

అన్నయ్యా అదే అన్నాడు, సెలక్షన్ అయ్యాక అని. చివరికి అమ్మ కూడా అంది. "కొన్నాళ్ళు ఓర్సుకో తల్లీ, మేం నోరు కట్టుకుంటాం." సెలక్షన్ అనే మాట వాళ్ళందరికీ తాళంచెవిలా దొరికింది. హైమ నోరు విప్పినప్పుడల్లా తలుపేసి దాంతో తాళం వేసేవారు.

ఇలా ఉండగా సంతోషి కూతురు లాస్య నడిచింది.

గోడ పట్టుకుని నిలబడ్డ పిల్ల, గోడ వదిలేసి, బొజ్జ ముందుకి పెట్టుకుని తప్పటడుగులేస్తూ హైమ ఒళ్ళోకొచ్చి పడింది. ఇంటిల్లిపాదీ నోరు తెరిచారు, ఆ మాట నాలిక చివరికొచ్చింది, అందరూ గబుక్కున నోళ్ళు మూసుకున్నారు. ఏ ఇంట్లోనైనా కేకలూ చప్పట్లూ మోగిపోయే వేళ, ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పిల్ల బిక్కమొహం వేసింది. తను చేసింది తప్పేమో అనుకున్నట్టుంది.

పిల్ల నడిస్తే అరిసెలు చెయ్యాలి. వాటిని వరసగా పరిచి, పిల్లని వాటి మీద నడిపించి, తలా ఒకటి పంచిపెట్టాలి. ఆ వేడుక పేరే అడుగుల అరిసెలు. సూరమ్మ పేరు మార్చి 'నడకల అరిసెలు' అని వీధంతా పిలిచింది. పిలిచిన ప్రతి ఇంట్లోనూ గుమ్మం దగ్గర ఆగి, మా ఇంటికొస్తే ఫలానా మాట అనకండమ్మా అని గొంతు తగ్గించి చెప్పింది. హైమ మేడ మీదకి పోయి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటానంది. అదీ కుదర్లేదు. పిల్ల చెయ్యి పట్టుకుని అరిసెల మీద నడిపించాల్సింది మేనత్తే. వాళ్ళింట్లో అది తరాల ఆనవాయితీ.

"దూది పెట్టుకునే నడిపించు," అంది సంతోషి. అలా అన్నందుకు ఆమె తర్వాత చాలా ఏడ్చింది.

వచ్చినవాళ్ళంతా బుద్ధిగానే ఉన్నారు. నెయ్యి వాసన ఇల్లంతా నిండింది. పీట మీంచి గుమ్మం దాకా అరిసెలు పరిచారు. హైమ వంగి రెండు చిటికెన వేళ్ళూ పిల్లకి అందించింది. పిల్ల మెత్తటి అరిసె మీద కాలు మోపి, అది అతుక్కునేసరికి ఆశ్చర్యంగా కాలు చూసుకుని కిలకిలా నవ్వింది. అందరూ నవ్వారు. హైమ కూడా అన్నీ మర్చిపోయి నవ్వింది.

అప్పుడొచ్చింది బంగారమ్మ పెద్దమ్మ, పలాస నుంచి, రైలు ఆలస్యమై. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. గుమ్మంలోనే చేతులు బారసాచి, ఊరంతటికీ వినపడే గొంతుతో, "ఓలమ్మా నా తల్లే! బంగారడుగులు! యెయ్యమ్మా, ఇంకొక్కడుగు, ఇంకొక్కడుగు!" అంది.

దూది ఏం ఆపుతుంది ఆ గొంతుని? హైమ వేళ్ళు విడిపించుకునే లోపే మోకాలు లేచింది. పిల్ల గాల్లోకి ఎగిరి గడప మీద పడింది. వెంటనే పిల్ల ఏడుపు. పై పెదవి చిట్లి, గౌను ముందంతా నెత్తురు. హైమ కాళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి, అరిసెల మీద, టపటపా, అవన్నీ ముద్ద ముద్ద చేస్తూ. ఆపలేక తనే కింద పడి, రెండు చేతుల్తో కాళ్ళని నేలకేసి అదిమిపట్టుకుంది.

ఆసుపత్రిలో పెదవికి కుట్లు వేశారు. ఎముకలకేం కాలేదన్నారు. కానీ ఇంటికొచ్చాక పిల్ల మళ్ళీ నిలబడలేదు. పాకడం మొదలెట్టింది. నిలబెట్టబోతే కాళ్ళు పైకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చింది. హైమ కనిపిస్తే సంతోషి భుజంలో మొహం దాచుకుంది.

ఎవరూ హైమని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. బంగారమ్మ పెద్దమ్మే "నాదే తప్పు, నాదే తప్పు" అని నెత్తి కొట్టుకుంది. హైమకి ఆమె మీద కూడా కోపం రాలేదు. నడిచే పిల్లని చూసి ఆ మాట అనక ఇంకేమంటుంది ఏ మనిషైనా?

మర్నాడు పొద్దున్నే గుట్ట ఎక్కి డాక్టర్ గదిలోకి చెప్పకుండా వెళ్ళి కూర్చుంది.

"పాపకెలా ఉందమ్మా?" అన్నాడాయన. మాష్టారు ఫోన్లో చెప్పినట్టున్నాడు.

"ఈ నడికట్టు పెట్టేముందు మీరు నన్ను అడిగారా సార్?"

"సంతకం చేశావు కదమ్మా."

"సంతకం పెట్టమన్నారు. పెట్టేను. అడిగారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అడగలేదు," అన్నాడు.

"చూశారా, కాళ్ళు కదల్లేదు. ఆ మాట వీటికి అలవాటే," అంది హైమ. "ఇప్పుడడగండి."

డాక్టర్ నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చి, మూశాడు.

"పర్లేదు. బల్ల పట్టుకుంటాను. మామూలుగా మనిషిని అడిగినట్టు అడగండి."

"ఇది తీసేస్తే జోరు పోతుంది హైమా. సెలక్షన్ పోతుంది. నేను కనుక్కున్నదీ పోతుంది, అది నీకు అక్కర్లేదు. కాళ్ళు నీవి. నిన్నే అడుగుతున్నాను. తీసెయ్యమంటావా?"

కాళ్ళు బల్లని తన్నాయి. బల్ల మీది సీసాలు గలగలలాడాయి. హైమ పళ్ళ బిగువున రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకుని, కాళ్ళు ఆడుతుండగానే, "తీసెయ్యండి," అంది.

తీసెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. ఆ మాట మళ్ళీ మళ్ళీ వినిపించాలి. విన్న ప్రతిసారీ తిరగేసిన నడికట్టు ఆ ముడిని జోకొట్టాలి. మాష్టారి గొంతు రికార్డు వినిపిస్తే కొంతే పనిచేసింది. ఇంటి గొంతు కావాలన్నాడు డాక్టర్. సూరమ్మ వచ్చింది. ఆమెని కూతురి మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, "ఆ మాట అంటూ ఉండండమ్మా, అంతే," అన్నాడు.

సూరమ్మ భయం భయంగా మొదలెట్టింది. "అడుగు." కాళ్ళు లేచాయి. "అడుగు. అడుగు." ప్రతిసారీ ఆమె చెవులు మూసుకుంది. కాసేపటికి భయం పోయి విసుగొచ్చింది. "ఉట్టినే అడుగు, అడుగు అంటే పిచ్చిదాన్లా ఉన్నాది బాబూ. ఏదేనా కలిపి సెప్పొచ్చా?"

"మీ ఇష్టం."

ఇన్నాళ్ళూ మింగిన మాటలన్నీ ఆమె నోటికి ఒక్కసారే వచ్చాయి. "మీ వొదిన్ని అడుగు, పప్పులో ఉప్పు రెండుమార్లు ఏల యేసినాదో. మీ అన్నని అడుగు, నా గదిలో ఫేను ఎప్పుడు బాగుసేత్తాడో, ఊరందరికీ సేత్తాడు. ఆ మాష్టార్ని అడుగు, మా గుంటకున్నవి కాళ్ళనుకున్నాడో రైలు సక్రాలనుకున్నాడో. ఇదిగో ఈ డాట్రుబాబుని అడుగు, ఇళ్ళల్లో మాటాడుకునే మాట తప్ప ఇంకో మాటే దొరకలేదేటి ఈయనికి?"

డాక్టర్ తల వంచుకుని నడికట్టు మీటలు తిప్పుతున్నాడు. హైమకి నవ్వొచ్చింది. కాళ్ళు ఎగురుతుంటే నవ్వు, నవ్వుతుంటే దగ్గు. సూరమ్మ ఆగలేదు. గొంతెండితే నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది. పూట గడిచేకొద్దీ మోకాళ్ళు లేవడం తగ్గింది. తర్వాత పాదాలే కదిలాయి. తర్వాత బొటనవేళ్ళు.

"ఇంకేటి అడగమంటాను? అన్నీ అయిపోనాయి," అని సూరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. అక్కడితో ఆగక, గొంతు దించి, "నన్నడుగు," అంది. "సెలక్షన్ అయ్యేదాకా ఓర్సుకో అని ఏల అన్నానో నన్నడుగే. ఒక్కసారేనా అడుగు తల్లీ."

బొటనవేళ్ళు కూడా కదల్లేదు.

"ఎందుకన్నావమ్మా?" అంది హైమ.

"నువ్వలగ ఉరుకుతుంటే సూడ్డానికి నాకూ బాగున్నాది. అందుకన్నాను. పాపిష్టిదాన్ని." అని సూరమ్మ ఏడ్చింది. హైమ కాళ్ళు మంచం మీద చాపినవి చాపినట్టే ఉన్నాయి. డాక్టర్ నడికట్టు ఆపేసి బయటికెళ్ళాడు.

మాష్టారికి ఎవరూ చెప్పలేదు. చెబితే పోటీకి దింపడు.

ఎంపిక పోటీల రోజు తుపాకీ పేలింది. హైమ లేచింది. సగం దూరంలో గట్టు మీంచి బొంగురు గొంతు వినిపించింది: "అడుగు! హైమా, అడుగు!"

ఆ మాట గాలిలా పక్కనుంచి పోయింది. నడుం దగ్గర ఏమీ కుట్టలేదు. కాళ్ళు ఆమె వేస్తేనే పడుతున్నాయి, పొడుగ్గా, కాస్త నిదానంగా, ఒక్కొక్కటీ నేలని తాకడం తనకి తెలుస్తూ. ఎంత ఒత్తినా జోరు రాలేదు. పక్క లైన్ల పిల్లలు ఒక్కొక్కరే ముందుకెళ్ళిపోవడం చూసింది. గెలవాలనే కదా తనూ వచ్చింది. ఆమె నాలుగోది. జట్టుకి ముగ్గురినే తీసుకున్నారు.

మాష్టారు మైదానంలో ఆమెతో మాట్లాడలేదు. డాక్టర్ని పట్టుకుని సంగతి రాబట్టి, ఆ వారంలోనే తుపానులా విజయనగరం వచ్చి పడ్డాడు. వచ్చేసరికి ఇంట్లో మళ్ళీ నెయ్యి కాగుతోంది. లాస్య రెండ్రోజుల కిందట ఎవరూ చూడని వేళ గోడ పట్టుకుని లేచిందట. సగంలో ఆగిన వేడుక పూర్తి చెయ్యాలని సూరమ్మ మళ్ళీ పాకం పట్టింది. హైమ గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉంది. పిల్ల ఆమె వైపు కొంచెం అనుమానంగానే చూస్తూ, ఆమె భుజం మీద ఒక చెయ్యి మటుకు వేసి నిలబడింది.

"కూర్చోండి మాష్టారూ, అరిసె తినండి," అంది సూరమ్మ.

"అరిసా!" అన్నాడాయన. "చేతికొచ్చినదాన్ని నేలపాలు చేసి అరిసెలు తింటున్నారా? ఎండనక వాననక నా గొంతంతా నీకే ధారపోసేను కదమ్మా. అంత పని చేసేముందు నన్ను ఒక్క మాట అడగాలా వద్దా?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. సంతోషి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. హైమ ఆయన మొహంలోకి చూసింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిజంగానే బాధపడుతున్నాడు, హైమని ఏనాడూ అడగని తనే ఈ మాట అంటున్నానని ఆయనకి ఏ మాత్రం తెలీదు.

లాస్య ఆయన చేతిలోని సంచీ వైపు వేలు చూపించింది. సంచీలోంచి ఈల తాడు వేలాడుతోంది.

"కావాలా?" అంది హైమ. ఆ తర్వాత, ఎన్ని నెలలుగానో తన నోట పలకని మాటని మెల్లిగా, ఒక్కో అక్షరం రుచి చూస్తున్నట్టు పలికింది. "తాతని అడుగు."

ఇల్లంతా ఆమె కాళ్ళ వైపు చూసింది. కాళ్ళు కదల్లేదు. పిల్ల మేనత్త భుజం వదిలి, చెయ్యి ముందుకి చాపి, మాష్టారి వైపు నడిచింది.